ఎస్టిమేట్‌లో ఫ్లాషింగ్‌కి కూడా ఒక లైను రాయండి

తిరుపతిలో మిద్దెల మీద రేకుల షెడ్లు వేసే వెల్డింగ్ షాపుల అన్నలకు, ఆ షెడ్లు ఆనే గోడలు కట్టే మేస్త్రీలకు,

నమస్కారం.

వినాయక చవితి పందిళ్ళు విప్పేశారు. ఇంకొన్ని వారాల్లో ఈశాన్య రుతుపవనాలు మొదలవుతాయి. మన వైపు అసలు వాన అప్పుడేనని మీకు నేను చెప్పక్కర్లేదు. ఈ మధ్యలో దొరికే పొడి రోజుల్లోనే మీకు చేతి నిండా పని ఉంటుంది. అందుకే, రేకు గోడకు ఆనే చోట వాన ఉరవకుండా వేసే ఫ్లాషింగ్ పట్టీ గురించి ఈ లేఖ ఇప్పుడు రాస్తున్నాను.

నేను రేకులు, స్క్రూలు, సీలెంట్లు అమ్మే ఒక చిన్న షాపు నడుపుతున్నాను. మీలో చాలామంది నా దగ్గర సరుకు తీసుకుంటారు, కొందరితో అప్పు ఖాతాలు కూడా ఉన్నాయి. మీ మీద చాడీలు చెప్పి నేను బాగుపడేదేమీ లేదు. కానీ ఏటా అక్టోబరు చివర్లో వాయుగుండం వార్త టీవీలో వచ్చిన మర్నాడు మా కౌంటరు దగ్గర జరిగే తంతు చూస్తుంటే ఒక మాట చెప్పకుండా ఉండలేకపోతున్నాను.

ఆ రోజు పొద్దున షట్టర్ ఎత్తేసరికే ఇద్దరు ముగ్గురు నిలబడి ఉంటారు. అందరికీ కావలసింది సిలికాన్ ట్యూబు, లేదంటే తారు టేపు. చేతిలో ఫోను, ఫోనులో ఫోటో. ఊరు ఏ మూలైనా, కొర్లగుంట కానీ, ఎం.ఆర్.పల్లి కానీ, రేణిగుంట రోడ్డు కానీ, ఆ ఫోటో ఒకటే. పక్కన మెట్ల గది గోడ, దానికి ఆనించి నీలం రంగు రేకు, రెండింటి మధ్యా సిమెంటు ముద్ద. ఆ ముద్దకీ రేకుకీ మధ్య వెంట్రుక మందం పగులు ఆ చివర నుంచి ఈ చివర దాకా పాకి ఉంటుంది. పగులు మీద పోయినేడు పూసిన సిలికాన్ గోడ వైపు కాస్త పట్టుకుని ఉంటుంది, రేకు వైపు మాత్రం అట్టలా లేచిపోయి ఉంటుంది. రెండో ఫోటోలో లోపలి గోడ. పెయింట్ బుడగలు కట్టి, కింద స్విచ్ బోర్డు దాకా చెమ్మ చార.

"ఏమప్పా, పోయిన వానకే రెండు ట్యూబులు పూసినాం గదా, మళ్ళా ఉరస్తా ఉండాది" అంటారు. నేను ఇంకో రెండు ట్యూబులు ఇస్తాను. వ్యాపారం పరంగా నాకది లాభమే, అయినా పాపం అనిపిస్తుంది. ఆ ట్యూబులు వచ్చే ఏడాది ఇదే రోజుకి మళ్ళీ లేచిపోతాయని ఇచ్చేటప్పుడే నాకు తెలుసు.

సరే, ఆ సిమెంటు ముద్ద ఉన్నచోట ఉండాల్సింది ఫ్లాషింగ్. రేకు అంచు నుంచి గోడ మీదికి ఎక్కి, గోడలోకి దూరి, వాన నీటిని తిరిగి రేకు మీదికే దించే వంచిన పట్టీ. మీలో చాలామందికి తెలుసు. ఫ్యాక్టరీ షెడ్లు చేసిన వాళ్ళకు మరీ బాగా తెలుసు, అక్కడ డ్రాయింగులో ఉంటుంది కాబట్టి వేయక తప్పదు. ఇళ్ళ మీదికి వచ్చేసరికే అది మాయమవుతోంది.

ఎందుకు మాయమవుతోందని చాలా రోజులు ఆలోచించాను. మీ పనితనం తక్కువై కాదు. ఆ అతుకు ఎవరి పనో ఎవరూ తేల్చకపోవడం వల్ల. వెల్డింగ్ అన్న పైపులు నిలబెట్టి, పర్లిన్లు (రేకుల కింది అడ్డ పైపులు) వేసి, రేకులు బిగించి, "గోడ దగ్గర మేస్త్రీ చూసుకుంటాడులే" అని దిగిపోతాడు. అప్పటికి మేస్త్రీ గోడ పూత ముగించి వేరే ఇంటికి వెళ్ళిపోయి ఉంటాడు. ఓనరు బతిమాలితే వచ్చి, "రేకు పని నాది కాదు గానీ ఏదో ఒకటి చేస్తా" అని తాపీతో సిమెంటు అంటించి పోతాడు. ఎవరికి వారే యమునా తీరే. వాన పడ్డాక ఫోను చేస్తే ఆయన ఈయన పేరు చెబుతాడు, ఈయన ఆయన పేరు చెబుతాడు, మధ్యలో ఓనరు బకెట్లు మారుస్తుంటాడు.

అందుకని నేను అడిగేది ఒక్కటే. మీరు ఓనరుకి ఇచ్చే ఎస్టిమేట్ కాగితంలో పైపులు, రేకులు, స్క్రూలు, లేబరు అని రాస్తారు కదా, అక్కడే ఫ్లాషింగ్‌కి ఇంకో లైను వేయండి. ఏ లోహం, ఎంత మందం, ఎంత వెడల్పు, ఎన్ని అడుగులు, గోడకు గాడి ఎవరు కోస్తారు అన్నవి ఆ లైనులో ఉండాలి. అది కాగితం మీద ఉంటే దానికి రేటు ఉంటుంది, రేటుంటే మనిషి ఉంటాడు.

ఓనర్లు ఒప్పుకోరు అంటారు. నిజమే, కొందరు బేరం ఆడతారు. "ఆ పట్టీకి ఇంత ఎందుకు, సిమెంటు పూస్తే పోలా" అంటారు. వాళ్ళకు చెప్పడానికి పనికొస్తుందని ఆ సిమెంటు ఎందుకు నిలవదో కాస్త లెక్కతో రాస్తాను.

ఉక్కు వేడికి సాగుతుంది. ఒక మీటరు పొడవున్న ఉక్కు ఒక డిగ్రీకి మీటరులో పది లక్షల భాగాల్లో 12 భాగాలు పెరుగుతుంది. వినడానికి ఇదేమీ కాదు. కానీ మన ఊళ్ళో మే నెలలో గాలే 40 డిగ్రీలు దాటుతుంది, ఎండలో రేకు మీద చెయ్యి పెట్టలేం, 60 పైమాటే. తెల్లవారుజామున అదే రేకు 25 దగ్గర ఉంటుంది. అంటే 20 అడుగుల రేకు రోజూ సుమారు 3 మిల్లీమీటర్లు సాగి, మళ్ళీ ముడుచుకుంటోంది. గోడ అంతగా కదలదు. మధ్యలో ఉన్న సిమెంటు ముద్దకు సాగే గుణం అసలే లేదు. ఇక సాయంత్రం ఉరుముల వాన వస్తే కాలిన రేకు నిమిషాల్లో చల్లబడుతుంది. మొదటి వేసవిలోనే పగులు రావడంలో వింతేముంది?

సిలికాన్ సాగుతుంది కదా అంటారు. సాగుతుంది, హద్దు మేరకు. మంచి రకం సీలెంట్ తన వెడల్పులో పాతిక శాతం దాకా అటూ ఇటూ తట్టుకుంటుంది. పది మిల్లీమీటర్ల సందులో నింపితే రెండున్నర మిల్లీమీటర్ల కదలికకు ఓర్చుకుంటుంది. మన వాళ్ళు సందు అనేదే లేకుండా పగులు మీద వేలితో పల్చగా రాస్తారు. ఆ పొరకు రెండు మిల్లీమీటర్ల మందం కూడా ఉండదు, అది దేనికి ఓర్చుకుంటుంది? పైగా చవకరకం ట్యూబు మూత తీయగానే వెనిగర్ వాసన వస్తుంది చూడండి, అది గట్టిపడేటప్పుడు వెలువడే ఆమ్లం వాసన. ఆ ఆమ్లం జింకు పూతను తింటుంది, సిమెంటుకి కూడా సరిగ్గా అంటదు. రేకుల దగ్గర వాడేది 'న్యూట్రల్' అని రాసి ఉన్న రకం కావాలి. ధర ఎక్కువే. అయినా అది అతుకుల మధ్యలో ఉండాల్సిన సాయమే తప్ప పైన కప్పే కప్పు కాదు.

ఫ్లాషింగ్ ఆ కదలికతో పోట్లాటకు దిగదు. దాన్ని దాని మానాన సాగనిస్తుంది. రెండు ముక్కలుగా చేస్తే ఈ గుణం పూర్తిగా వస్తుంది. కింది ముక్క రేకుకి బిగించి గోడ పక్కన పైకి నిలబడుతుంది, గోడకు మాత్రం బిగించరు. పై ముక్క గోడలోకి దూరి, కింది ముక్క మీదికి వాలుతుంది, దాన్ని రేకుకి బిగించరు. రేకు ఎంత జరిగినా కింది ముక్క దానితో పాటు పై ముక్క చాటున జరుగుతుంది. నీళ్ళకు దారి దొరకదు. ఒకే ముక్కను ఇటు గోడకూ అటు రేకుకూ స్క్రూలతో బిగించేస్తే మాత్రం ఆ స్క్రూ రంధ్రాలు నిదానంగా కోలగా సాగుతాయి. స్క్రూ కింద రబ్బరు వాషర్ ఉన్నా ఉరుస్తుంది. ఈ పని నేను చాలా చోట్ల చూశాను, కష్టమంతా పడి చివర్లో చెడగొట్టుకోవడం అంటే ఇదే.

కొలతల విషయం. గోడ మీదికి కనీసం ఆరంగుళాలు ఎక్కాలి, రేకు మీదికి కనీసం ఆరంగుళాలు రావాలి, ఎనిమిదైతే మరీ మంచిది. కింది అంచును అర అంగుళం లోపలికి మడవాలి. ఆ మడత వల్ల పట్టీకి బిగువు వస్తుంది, చెయ్యి కోసుకోదు, గాలికి కొట్టుకోదు. నాలుగడుగుల వెడల్పు ప్లెయిన్ షీటుని మూడు ముక్కలు చేస్తే ఒక్కోటి పదహారు అంగుళాలు. నాలుగు ముక్కలు చేస్తే పన్నెండు, మడతలు పోను ఆ కొలతకు కాస్త తక్కువే పడుతుంది. ఆరు ముక్కలు చేసి ఎనిమిదంగుళాల పట్టీ వేస్తున్న వాళ్ళున్నారు. మడతలు పోను అది గోడ మీద మూడంగుళాలు, రేకు మీద మూడంగుళాలు. మామూలు వానకు అడ్డమే, గాలివానకు లెక్కే కాదు. 2021 నవంబరులో ఊరు మునిగిన వాన, 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను అప్పటి వాన గుర్తు తెచ్చుకోండి. తుఫాను గాలికి నీళ్ళు వాలు కిందికే పోతాయని నమ్మకం లేదు, రేకు మీద ఎదురెక్కుతాయి.

అందుకే ఇంకో చిన్న పని అడుగుతాను, దీనికి పైసా ఖర్చు లేదు. రేకు పై కొస గోడ వైపు ఉన్నప్పుడు, రెండు గట్ల మధ్య ఉండే పల్లాన్ని ప్లయరుతో పట్టి పైకి వంచండి, బిగించక ముందే. ఒక్కో పల్లానికి క్షణాల పని. ఎదురెక్కిన నీళ్ళు ఆ వంపు దగ్గర ఆగి వెనక్కి మళ్ళుతాయి. అది లేకపోతే ఎంత వెడల్పు ఫ్లాషింగ్ వేసినా తుఫాను రాత్రి దాని చాటునే నీళ్ళు లోపలికి దూకుతాయి. వాలుకు పక్కగా గోడ ఉంటే ఫ్లాషింగ్ కనీసం ఒక గట్టు దాటి రెండో పల్లంలోకి దిగాలి. మొదటి గట్టు మీదే ఆపేస్తే గట్టు పక్క నుంచి నీళ్ళు కిందికి దూరతాయి.

పట్టీ ఎనిమిదడుగులే వస్తుంది కాబట్టి అతుకు తప్పదు. అతుకు దగ్గర ఆరంగుళాలు ఒకదాని మీద ఒకటి ఎక్కాలి, మధ్యలో రెండు వరుసల సీలెంట్ ఉండాలి. పని దిగువ నుంచి మొదలుపెట్టి ఎగువకు పోవాలి, బెంగుళూరు పెంకులు పరిచినట్టు, పైది ఎప్పుడూ కిందిదాని మీద. ఇది చెప్పించుకునే సంగతేనా అని మీరు అనుకుంటారు. పట్టీలు పైనుంచి మొదలుపెట్టి కింది ముక్కను పైదాని మీద వేసిన షెడ్లు మన ఊళ్ళో ఉన్నాయి కాబట్టి రాశాను.

ఇప్పుడు ఏ లోహం అన్నది. ఇక్కడే నన్ను ఎక్కువమంది అడుగుతారు, నేను ఎక్కువ విసిగించేదీ ఇక్కడే.

మొదటి సూత్రం, పైకప్పు ఏ జాతో ఫ్లాషింగ్ కూడా అదే జాతి. జి.ఐ. (జింకు పూత పూసిన ఉక్కు) రేకులైతే జి.ఐ. పట్టీ. అల్యూమినియం, జింకు కలిపి పూసిన కలర్ షీట్లయితే అదే పూత ఉన్న ప్లెయిన్ షీటు నుంచి కోసిన పట్టీ. రంగు కలవడం కోసం మాత్రమే కాదు. వేరువేరు లోహాలు తడిలో ఒకదానికొకటి తగిలితే వాటిలో ఒకటి రెండోదాన్ని తినేస్తుంది. రాగి మరీ ప్రమాదం. రాగి మీద నుంచి కారిన నీళ్ళు జింకు పూత మీద పడినా చాలు, అక్కడ తుప్పు మొదలవుతుంది. ఏసీ నీళ్ళ పైపును రేకు మీదికి వదిలేసిన ఇళ్ళల్లో ఆ చార వెంట రేకు త్వరగా పాడవడం మీరు చూసే ఉంటారు. ఆ నీళ్ళు రాగి పైపుల్ని తడుపుకుంటూ వస్తాయి, ఏడాది పొడవునా ఒకేచోట పడతాయి. ఆ పైపును గట్టర్‌లోకి కాకుండా నేరుగా కిందికి దించమని ఓనరుకి చెప్పండి.

సీసం పట్టీలు ఇంగ్లండులో పాత ఇళ్ళకు వాడతారు. మెత్తగా ఉంటుంది, ఎటు నొక్కితే అటు వంగుతుంది, ఏళ్ళ తరబడి మన్నుతుంది. మనకు అక్కర్లేదు. ఇళ్ళ పైన పడిన నీటిని ఇంకుడు గుంతలకో, సంపుకో పట్టుకోమని చెబుతున్న రోజుల్లో ఆ నీళ్ళు సీసం మీదుగా రావడం మంచిది కాదు. అల్యూమినియం, జింకు పూత రేకులకు సీసం తగలకూడదు కూడా.

ఉత్త అల్యూమినియం పట్టీ తుప్పు పట్టదు, వంచడం తేలిక. కానీ ఉక్కుకు దాదాపు రెట్టింపు సాగుతుంది, అందుకే పొడవు ముక్కలు వేయకూడదు. ఇంకో సంగతి, పచ్చి సిమెంటు తగిలితే అల్యూమినియం పాడవుతుంది. సిమెంటులోని క్షారం దాన్ని కొరికేస్తుంది. జింకు పూతకూ ఈ బాధ ఉంది. అందుకే గోడ గాడిలోకి పోయే అంచుకు ముందే తారు పెయింటు పూయాలి, లేదా గాడిని సిమెంటుతో కాకుండా సీలెంట్‌తో మూయాలి. మేస్త్రీలు ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోవాలని నా మనవి. పట్టీ గోడలో ఉన్న చోటే తుప్పు పట్టి తెగిపోతే బయటికి కనిపించదు. బయట కొత్తదానిలా మెరుస్తుంటుంది, లోపల పని అయిపోయి ఉంటుంది.

పూత బరువు అడిగి తీసుకోండి. చదరపు మీటరుకు ఎన్ని గ్రాముల పూత అన్నది రెండు వైపులా కలిపి చెప్పే లెక్క. భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 277 ప్రకారం వచ్చే జి.ఐ.లో 120 గ్రాములదీ ఉంది, 275 గ్రాములదీ ఉంది. చూడటానికి రెండూ ఒకేలా ఉంటాయి. అల్యూమినియం, జింకు పూతలో 150 గ్రాములది మంచిది. మందం అర మిల్లీమీటరు ఉంటే ఇంటి పనికి చాలు, అంతకంటే బాగా పల్చనిదైతే గాలికి తబలా వాయిస్తుంది. బిల్లులో ఈ అంకెలు వేయమని ఏ షాపులో అయినా అడగండి, మా షాపులో కూడా.

పి.వి.సి. పట్టీలు అమ్ముతున్నారు, చవక. ఎండకు పెళుసెక్కి పగులుతాయి. నేను పెట్టడం మానేశాను. తారు టేపు, అంటే పైన అల్యూమినియం రేకు, కింద జిగురు తారు ఉన్న చుట్ట, రిపేరుకు నిజంగానే పనికొస్తుంది, అయితే దుమ్ము తుడిచి, తడి ఆరాక, ప్రైమర్ పూసి అంటిస్తేనే. వాన పడుతుండగా తడి గోడ మీద అంటించి, మర్నాడు ఊడిపోయిందని షాపు వాడిని తిట్టుకుంటే ఏం లాభం?

కలర్ షీట్ల దగ్గర ఇంకో సంగతి. గ్రైండర్‌తో కోయకండి. నిప్పురవ్వలు పెయింటులో దిగి అక్కడక్కడా ఎర్రటి చుక్కలు పెడతాయి, కోసిన అంచు పూత కాలిపోతుంది. కత్తెరతో కోయండి. రేకులు పరిచాక పైన వెల్డింగ్ ముట్టించకండి. ఇవి మీకు తెలియక కాదు, తొందరలో చేసేస్తారని తెలుసు.

గోడకు గాడి కోయడం మేస్త్రీ పని. అంగుళం లోతు చాలు, తిన్నగా, ఇటుక వరుసల మధ్య సందు దొరికితే అక్కడే. పూతకు ముందే అయితే అది అరపూట పని కూడా కాదు. పూత అయిపోయి, పెయింటు కూడా వేశాక కోస్తే దుమ్ము, తగాదా రెండూ లేస్తాయి. బీమునో, పిల్లరునో మాత్రం కోయకండి, కమ్మీ తగిలితే షెడ్డు కంటే పెద్ద తలనొప్పి. అలాంటి చోట, నాలుగున్నర అంగుళాల పల్చటి గోడల మీద, గాడి బదులు అల్యూమినియం పట్టీతో నొక్కి స్క్రూలు బిగించి, పై అంచున సీలెంట్ నింపే పద్ధతి ఉంది. అది సీలెంట్ మీద ఆధారపడుతుంది కాబట్టి కొన్నేళ్ళకొకసారి చూసుకోవాలని ఓనరుకి ముందే చెప్పేయండి.

ఇంత చేసినా ఉరిసే ఇళ్ళు ఉంటాయి, అక్కడ నెపం ఫ్లాషింగ్ మీదికే వస్తుంది. ఎక్కడి నీళ్ళో చూడకుండా మళ్ళీ దాన్నే పీకి వేస్తారు. చాలాసార్లు ఆ నీళ్ళు పైనున్న గోడ నెత్తిన దిగుతుంటాయి. పిట్టగోడ పైభాగం బల్లపరుపుగా వదిలేస్తే నీళ్ళు అక్కడే నిలిచి, పగుళ్ళలో దిగి, గోడ లోపలి నుంచే ఫ్లాషింగ్ వెనక్కి వస్తాయి. గోడ నెత్తిన లోపలి వైపుకి వాలు ఇచ్చి, అంచు కాస్త బయటికి వచ్చి, ఆ అంచు అడుగున చిన్న గాడి ఉంటే నీటి చుక్క గోడను పట్టుకోకుండా అక్కడే రాలిపోతుంది. మన గోవిందరాజస్వామి గుడిలో పాత మండపాల రాతి చూరు చూడండి, స్తంభాలను దాటి ఎంత ముందుకు వచ్చి కిందికి వంగి ఉంటుందో. ఆ శిల్పులు నీటిని స్తంభం నుంచి దూరంగా విసిరేయాలని అనుకున్నారు, విసిరేశారు. మనం సన్‌షేడ్ అడుగున అర అంగుళం గాడి పెట్టడానికి బద్ధకిస్తాం.

ఇంకో మోసం, నీళ్ళు దిగిన చోటే చుక్క పడదు. రేకు అడుగున పర్లిన్ పట్టుకుని పది అడుగులు నడిచి, ఏ స్క్రూ దగ్గరో కింద పడుతుంది. ఓనరు ఆ స్క్రూని చూపిస్తాడు, దాని మీద సీలెంట్ పూస్తారు, మళ్ళీ వాన పడుతుంది. పొడి రోజున ఒకరు కింద లైటు పట్టుకుని, ఒకరు పైన హోస్ పైపుతో కింది నుంచి మొదలుపెట్టి కొంచెం కొంచెంగా పైకి తడుపుతూ పోతే అసలు దారి బయటపడుతుంది. ఒక్కోచోట కొన్ని నిమిషాలు ఆగాలి, ఓపిక కావాలి. ఒకేసారి పైనుంచి నీళ్ళు కుమ్మరిస్తే ఏదీ తేలదు.

పైపు రంధ్రాల గురించి క్లుప్తంగా. సోలార్ హీటర్ పైపులు, డిష్ కేబుల్, ట్యాంకు పైపు, ఇవన్నీ మీరు దిగిపోయాక వేరేవాళ్ళు వచ్చి రేకుకి చిల్లు పెట్టి దూర్చేస్తారు. ముందే ఓనర్ని అడిగి, ఎక్కడెక్కడ పైపులు వస్తాయో తెలుసుకుని, పైపు చుట్టూ బిగుసుకునే ఈ.పీ.డీ.ఎం. రకం రబ్బరు కాలర్లు మీరే వేసేయండి. పైపును పల్లంలోంచి కాకుండా వీలైతే గట్టు మీంచి తీయండి. ఆ కాలరుకి కూడా ఎస్టిమేట్‌లో రేటు వేసుకోండి, అడిగే హక్కు మీకుంది.

షెడ్లు లేని వట్టి శ్లాబు మిద్దెలకు కూడా ఇదే కథ అని మేస్త్రీలకు తెలుసు. పాత రోజుల్లో సున్నంలో కరక్కాయ నీళ్ళు, బెల్లం నీళ్ళు కలిపి రోజుల తరబడి దిమ్మిస కొట్టిన మిద్దెలు ఉండేవి. ఇప్పుడు శ్లాబు మీద మెంబ్రేన్, అంటే నీళ్ళు దిగనివ్వని పొర, పరుస్తున్నారు. బాగానే ఉంది, కానీ దాన్ని పిట్టగోడ మొదట్లో ఆపేస్తున్నారు. మూలలో ఏటవాలుగా సిమెంటు పట్టీ వేసి, మెంబ్రేన్‌ను దాని మీదుగా గోడ పైకి కనీసం ఆరంగుళాలు ఎక్కించి, గాడిలో దూర్చి మూయాలి. ఫ్లాషింగ్‌తో చెప్పిన సూత్రమే.

అపార్టుమెంట్లు కట్టే బిల్డర్లు ఎవరైనా ఈ లేఖ చదివితే వాళ్ళకు ఒక గుర్తు. 2016 రెరా (రియల్ ఎస్టేట్) చట్టం 14వ సెక్షన్ ప్రకారం, దాని కిందికి వచ్చే ప్రాజెక్టుల్లో ఇల్లు అప్పగించిన ఐదేళ్ళ లోపు పనితనం లోపం అని కొన్నవాళ్ళు చెబితే 30 రోజుల్లో సొంత ఖర్చుతో బాగుచేయాలి. పై అంతస్తు వాళ్ళు వానాకాలం ఫోన్లు చేసేది ఎక్కువగా ఈ అతుకుల గురించే. మేస్త్రీకి ఇచ్చే రోజు కూలీలో గాడి కోసే డబ్బు మిగుల్చుకుని తర్వాత ఆ ఫోన్లు ఎత్తడం, ఏ లెక్కన లాభమో నాకైతే అర్థం కాదు.

వెల్డింగ్ అన్నలకు మళ్ళీ చెబుతున్నా. ఎస్టిమేట్‌లో ఆ లైను ఇలా రాయొచ్చు: "గోడ వెంట ఫ్లాషింగ్, రెండు ముక్కలు, రేకు రకమే, 0.5 మి.మీ. మందం, పూత బరువు ఇంత, కింది పట్టీ వెడల్పు 16 అంగుళాలు, పొడవు ఇన్ని అడుగులు, అడుగుకి ఇంత. గోడకు అంగుళం గాడి ఓనరు మేస్త్రీతో ముందే కోయించాలి. చిమ్నీ, పైపు కాలర్లు విడిగా." పై పట్టీకి అంత వెడల్పు అక్కర్లేదు, గాడిలోకి అంగుళం, కిందికి మూడు నాలుగు అంగుళాలు దిగితే చాలు. ఓనరు వద్దంటే ఆ లైను కొట్టేసి, పక్కన అతనితో సంతకం చేయించండి. వాన పడ్డాక మాట పడేది మీరు కాదు. సంతకం పెట్టమన్నాక వద్దనే ఓనర్లు తక్కువమందే ఉంటారని నా అంచనా.

పనులు ఒప్పుకునేటప్పుడు షెడ్డు పొడవు, వెడల్పుతో పాటు గోడ ఆనే వైపులు ఎన్ని, వాలు ఎటు, గోడ ఇటుకదా కాంక్రీటుదా అన్న మూడు సంగతులు చీటీ మీద రాసుకుని రండి. మా షాపులో ఫోల్డింగ్ మిషను ఉంది. రేకు గట్టు ఎత్తు కొలిచి చెబితే సరిగ్గా దానికే వంచి, కింది అంచు మడత పెట్టి ఇస్తాము. దీపావళి వరకు వంచినందుకు కూలీ తీసుకోను, షీటు ఖరీదు ఇస్తే చాలు. వేరే షాపులో కొన్న షీటు తెచ్చినా వంచి ఇస్తాను. పొద్దున పదకొండు లోపు వస్తే అదే రోజు సాయంత్రానికి తీసుకెళ్ళొచ్చు.

ఇట్లు,
తిరుపతిలో రేకుల షాపు నడుపుతున్న మీ వాడు